పైకెళ్ళిన కోడి, కిందికొచ్చిన కూడు
(ఊరు – వాడ – కూడు: 9వ భాగం)



పోయిన భాగంలో పరిగె ఏరుకోవడం గురించి రాశాను. ఈసారి కోత కూలి గురించి రాస్తానని మాటిచ్చాను. కానీ పండగల రోజులొచ్చాయి, మా ఇంట్లో మళ్ళీ ఆ స్టీలు డబ్బా అటక మీంచి కిందికి దిగింది. దాన్ని చూశాక ఇంకేమీ రాయబుద్ధి కాలేదు. ముందు దాని సంగతి చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

పోయిన ఏడాది క్రిస్మస్ సెలవులు ఇచ్చే ముందురోజు. అమ్మ అప్పటికి రెండు రోజులుగా పిండివంటల మీదే ఉంది. బియ్యం నానబోసి, మిల్లు పట్టించి, తడిపిండి జల్లించి, గూడెంలో కొన్న బెల్లంతో పాకం పట్టింది. పాకం ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకే ఆ పని ఎవరికీ ఇవ్వదు. మా మేనత్త పక్కన కూర్చుని చెక్కలతో నొక్కి నూనె పిండింది. అరిసెలు, సున్నుండలు, జంతికలు మూడు వరసలుగా డబ్బాలో సర్ది, పైన తెల్లగుడ్డ కప్పి, "నీతో పనిచేసేవాళ్ళకి పెట్టవే, ఏడాదికోసారి పండగ" అంది.

దారిలో బేకరీలో ఒక ప్లమ్ కేకు కూడా కొన్నాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏలూరులో పాసింజరెక్కి దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటుకుంటూ కాలేజీకి వెళ్ళాను. రెండూ స్టాఫ్‌రూమ్ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

కేకు పది నిమిషాల్లో అయిపోయింది. డబ్బా అలాగే ఉంది. "షుగర్ మేడమ్" అన్నారొకరు. "ఇవాళ ఒంటిపూటండీ" అన్నారొకరు. "ధనుర్మాసం కదా మేడమ్, బయటివి ముట్టుకోను" అన్న సారు కేకు రెండు ముక్కలు తిన్నారు. ఆ కేకులో కోడిగుడ్డు ఉంది, అట్టపెట్టె మీద రాసే ఉంది. ఒకావిడ రెండు జంతికలు కాగితంలో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్తానన్నారు. సాయంత్రం కిటికీలో ఆ పొట్లం అలాగే కనపడింది. అటెండరు ఒక్కతే నిలబడి ఒక అరిసె పూర్తిగా తిని, "పాకం బాగా కుదిరిందండి, పిల్లలకి నాలుగు తీసుకోనా" అంది. రుచి గురించి మాట్లాడింది ఆమె ఒక్కతే.

సగం పైనే మిగిలిన డబ్బాతో ఏలూరులో దిగాను. అలా ఇంటికి తీసుకెళ్ళలేక స్టేషను బయట ఆటోల దగ్గర ఆడుకుంటున్న పిల్లలకి పంచేశాను. ఇంటికెళ్ళగానే అమ్మ అడిగింది: "ఏమన్నారే మీవాళ్ళు?"

"అందరూ మెచ్చుకున్నారమ్మా" అన్నాను.

అబద్ధం. దాదాపు ఏడాది మోశాను దాన్ని.

ఒక మాట ముందే చెప్తాను. ఆ గదిలో ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. నా పీహెచ్‌డీ చివరి నెలల్లో నా క్లాసులు తీసుకున్నవాళ్ళు వాళ్ళలో ఇద్దరున్నారు. నాకు అర్థం కావలసింది వాళ్ళ మంచిచెడ్డలు కాదు. కేకు ఎందుకు గొంతు దిగింది, అరిసె ఎందుకు దిగలేదు? రెండూ నేనే తెచ్చాను. రెండూ తీపే. కేకు ఎవరి చేతిలో తయారైందో తెలియదు. అరిసె మాత్రం మా అమ్మ చేతిలో తయారైంది.

*

దీనికి మన భాషలోనే ఒక పాత మాట ఉంది: స్వయంపాకం. బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి, చింతపండు ఒక పళ్ళెంలో పెట్టి బ్రాహ్మణుడికి ఇచ్చే దానం. వండింది ఇవ్వరు. ఆయన తీసుకెళ్ళి తన ఇంట్లో వండుకుంటాడు. ఇచ్చేవాడి వస్తువు పనికొస్తుంది, ఇచ్చేవాడి పొయ్యి పనికిరాదు. ఈ నియమాన్ని పేరులోనే దాచుకున్న మాట అది.

అంటే మన ఊళ్ళల్లో తిండికి దారులున్నాయి. పచ్చిది పైకి వెళ్తుంది. వండింది కిందికి వస్తుంది. వండింది పైకి వెళ్ళదు. పచ్చిదనం ఒక్కటే వస్తువుని మడిలోకి రానిస్తుంది.

దీన్ని నేను పుస్తకంలో చదవక ముందే నాయనమ్మ దగ్గర విన్నాను. మా నాయనమ్మది భీమడోలుకి దక్షిణాన, కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. పేరు రాయను, మావాళ్ళింకా అక్కడే బతుకుతున్నారు. మా తాత ఒక కామందు దగ్గర పాలేరు. పెద్దపండగొస్తే కామందు ఇంటికి ఉత్తచేతుల్తో వెళ్ళకూడదు. దొడ్లో కాసిన గుమ్మడికాయ, ఆనపకాయ, పెంచిన కోడి, కొల్లేట్లో దొరికితే రెండు కొరమేనులు. అవి పట్టుకెళ్ళి పెరటి గుమ్మం దగ్గర పెట్టి దూరంగా నిలబడాలి. ఇంటి ఇల్లాలు వాటి మీద పసుపునీళ్ళు చిలకరించి లోపలికి తీసుకునేది. పండగ మూడు రోజులూ ఆ ఇంటి చాకిరీ సరేసరి. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, మిగిలిన పులిహోర, గారెలు, కూర కలిసిపోయి ఉన్నది నాయనమ్మ తెచ్చుకున్న తపేలాలోకి పైనుంచి వేసేవాళ్ళు.

"తపేలా మనదే తీసుకెళ్ళాల్నా?" అని అడిగాను చిన్నప్పుడు.

"మరి ఆళ్ళ గిన్నె మనకెందుకిత్తారే?" అంది నాయనమ్మ, నేనేదో వింత అడిగినట్టు.

ఆ మాటలో ఒక సిద్ధాంతమే ఉందని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. మనవాళ్ళలో ఒక పద్ధతి ఉంది కదా, ఇరుగుపొరుగు ఇంటి నుంచి ఏదైనా గిన్నెలో వస్తే ఆ గిన్నెని ఖాళీగా తిరిగి పంపకూడదు, కాస్త చక్కెరో, నాలుగు నిమ్మకాయలో వేసి పంపాలి అంటారు. గిన్నె అటూ ఇటూ తిరుగుతున్నంతకాలం ఆ రెండిళ్ళూ సమానం. కామందు ఇంటి గిన్నె మా ఇంటికి ఎప్పుడూ రాలేదు, కాబట్టి ఖాళీగా పంపాలా, నింపి పంపాలా అన్న ప్రశ్నే మాకు లేదు.

మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1925లో కానుకల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. కానుకలో మూడు బాధ్యతలున్నాయంటాడు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. మనం సాధారణంగా ఇవ్వడం గురించే మాట్లాడతాం. కానీ పుచ్చుకోకపోవడం కూడా ఒక మాటే. నీతో నాకు చుట్టరికం వద్దు అని చెప్పే మాట. స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట నాకు చాలా మర్యాదగా, షుగర్ పేరుతో, ధనుర్మాసం పేరుతో చెప్పారు.

*

ఇప్పుడు మా తాత పట్టుకెళ్ళిన కోడి దగ్గరికి వద్దాం. అది కానుకేనా?

పాత పల్లెల్లో ఆయగాళ్ళ వ్యవస్థ గురించి చదువుకున్నాం. పన్నిద్దరు ఆయగాళ్ళు అంటారు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, ఇలా ఊరికి ఏడాది పొడుగునా పనిచేసేవాళ్ళు. వాళ్ళకి నెలజీతం లేదు. పంట నూర్చినప్పుడు కళ్ళంలో కొలిచి ఇచ్చే గింజలే జీతం. దాన్ని మేర అన్నారు. మాదిగ ఏడాదంతా మోటబానకి తోలు కుట్టి, చెప్పులు కుట్టి, చచ్చిన పశువుని తీసి, కళ్ళం దగ్గర నిలబడితే ఆయనకి మేర. మాల ఊరి వెట్టి చేసి, కబుర్లు మోసి, కాపలా కాసి నిలబడితే ఆయనకీ అంతే.

అది చేసిన పనికి రావలసిన కూలి. కానీ కళ్ళంలో రాశి ముందు నిలబడి, తువ్వాలు పరిచి, "అయ్యా, మా పాలు" అని అడిగితే గానీ రాదు. అడిగి తీసుకున్నది చూసేవాళ్ళకి దానంలా కనపడుతుంది. ఇచ్చేవాడికి పుణ్యంలా అనిపిస్తుంది. అలా కూలి పేరు మారి దయ అయింది.

ఇటువైపు పాలేరు తీసుకెళ్ళిన కోడి సంగతి దీనికి తలకిందులు. అది కామందు తీసుకునే పన్ను. తీసుకెళ్ళకపోతే వచ్చే ఏడాది జీతానికి పెట్టుకోడు, అప్పు తీర్చమంటాడు. కానీ దాని పేరు కానుక, పండగ మామూలు. మామూలు అన్న మాట అరబ్బీ నుంచి మనకొచ్చింది, వాడుకగా జరిగేది అని అర్థం. ఎందుకిస్తున్నావు అని ఎవరూ అడగరు, ఎప్పుడూ ఇచ్చేదే కాబట్టి. ఇవాళ ఆఫీసుల్లో అదే మాటకి లంచం అని అర్థం వచ్చిందంటే భాష ఏమీ పొరపాటు చేయలేదు.

కూలిని దయ అన్నారు. పన్నుని కానుక అన్నారు. మన పండగ కానుకల చరిత్రలో సగం ఈ రెండు పేర్లలో ఉంది.

మిగతా సగం నీళ్ళలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, వాటి మీద పడవలొచ్చాయి, ఏలూరు కాలవ గోదావరినీ కృష్ణనీ కలిపింది. అంతకు ఇరవై ఏళ్ళ క్రితం నందన కరువులో జనం రాలిపోయిన జిల్లాలు వరికి పేరు మోశాయి. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు అరుదు, ఆ గౌరవం ఆయనకి చెందాల్సిందే. కానీ ఆ కాలవల మట్టి తట్టలకెత్తి మోసినవాళ్ళలో భూమి లేనివాళ్ళెందరో ఉన్నారు. నీళ్ళు అందరి ఊళ్ళోకీ వచ్చాయి, భూమి మాత్రం కొందరి చేతుల్లోనే ఉంది. భూమి ఉన్నవాళ్ళ పెద్దపండగ పెద్దదైంది, ఆ పండగకి పనిచేసేవాళ్ళ సంఖ్యా పెరిగింది.

మహారాష్ట్రలో మహర్లకి మన మేర లాంటిదే ఉంది, బలుతా అంటారు. పంటలో పాలు, ఇంటింటా అడుక్కున్న రొట్టెముక్కలు. అంబేద్కర్ 1927 మార్చిలో మహద్ సభలో చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి ముందే తనవాళ్ళకి చెప్పిన మాటల్లో ఒకటి ఇది: చచ్చిన పశువు మాంసం మానండి, పారేసిన ముక్కలు తినడం మానండి. మరుసటి ఏడాది, 1928లో, మహర్ వతన్ పద్ధతిని మార్చడానికి బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. ఆయన కూలి వద్దనలేదు. ముష్టి రూపంలో వచ్చే కూలి వద్దన్నారు, లెక్కగా డబ్బుల్లో ఇవ్వమన్నారు. ఈ తేడా అర్థం చేసుకోకపోతే "తిండి పెడితే వద్దంటారేంటి" అనే ప్రశ్న ఎప్పటికీ వస్తూనే ఉంటుంది.

హిందీలో ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. ఆ పేరుకి ఎంగిలి అని అర్థం. అందులో ఒక పెళ్ళి విందు సంగతి ఉంది. విస్తళ్ళలో మిగిలింది బుట్టలోకెత్తిన తల్లి, పిల్లలకి మంచి భోజనం అడిగినందుకు మాట పడి, ఆ బుట్టని అక్కడే బోర్లించి వచ్చేస్తుంది. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కదు. ఎం.ఏ. క్లాసులో ఆ ఘట్టం గురించి చెప్పినప్పుడల్లా నా కళ్ళముందుకి నాయనమ్మ తపేలా వస్తుంది. మా నాయనమ్మ బోర్లించలేదు. ఇంట్లో ఆరుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు.

*

మా వైపు కానుకల్లో గొప్పది సారె. కూతురు అత్తారింటికి వెళ్ళేటప్పుడు, ఆషాఢంలో, పండక్కి అల్లుడొచ్చినప్పుడు అరిసెలు, మినపసున్ని, పూతరేకులు, అరటిగెలలు, చేపలు కావిళ్ళ మీద వెళ్ళేవి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటలు వడ్డించారని దేశమంతా వార్తయింది. గోదారోళ్ళ మర్యాద అని అందరూ మురిసిపోయారు.

మర్యాదని నేను తప్పుపట్టను. సమానమనుకున్న రెండు కుటుంబాలు పోటీపడి పెట్టుకుంటున్నాయి. కానీ సారె కావిడి మోసిందెవరో ఎప్పుడైనా అడిగారా? మా తాత మోశాడు. అందులోనూ పద్ధతి ఉంది. గెలలు, కొబ్బరికాయలు, బియ్యం బస్తాలు మా తాత కావిట్లోకి. అరిసెలు, సున్నుండలు చాకలి ఆయన కావిట్లోకి. ఒకే దారిన, ఒకే ఇంటికి, ఇద్దరూ ముందూవెనకా నడిచేవాళ్ళు. పన్నెండు మైళ్ళు అరిసెల వాసన వెనకాలే నడిచానని తాత నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు నాకు చాలాకాలం అర్థం కాలేదు.

*

మరి మా వాడలో కానుక అనేది లేదా? ఉంది. అది చర్చిలోంచి వచ్చింది.

బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో ఆంధ్రకొచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేశారు. చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1854లో ఏలూరులో అడుగుపెట్టారు. వాళ్ళ ఉద్దేశాల మీద మాట్లాడుకోవలసింది చాలా ఉంది, ఇంకో భాగంలో మాట్లాడతాను. వాళ్ళతో వచ్చిన ఒక ఆచారం గురించే ఇక్కడ చెప్తాను. కోత పండగ.

కోతలయ్యాక ఒక ఆదివారం. ఎవరింట్లో ఏముంటే అది గుడికి తేవాలి. బుట్టెడు ధాన్యం, గుమ్మడికాయ, ఆనపకాయ, కోడి, కోడిగుడ్లు, అరటిగెల, కొబ్బరిపీచు తాడు, ఎండుచేపల దండ. ఏమీ లేని ముసలమ్మ రెండు నిమ్మకాయలు తెస్తుంది. బల్ల ముందు అన్నీ కలిపి పెడతారు. ఆరాధన అయ్యాక బయట చెట్టుకింద వేలం. పది రూపాయల గుమ్మడికాయ పంతాల మీద వంద దాకా వెళ్తుంది. అందరూ కేకలు, నవ్వులు. పాట పాడుకున్నవాడు దాన్ని ఎత్తుకుని, తెచ్చినవాళ్ళ ఇంటికే తిరిగి పంపిన సందర్భాలూ చూశాను.

గమనించండి, వస్తువులు అవే. కామందు పెరటి గుమ్మానికి వెళ్ళిన కోడి, గుమ్మడికాయ. కానీ ఇక్కడ పసుపునీళ్ళు లేవు. ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాయి. తెచ్చినవాళ్ళ పేరు పైకి చదివారు. మా నాయనమ్మ తన పేరు ఇంటిపేరుతో సహా నలుగురిలో మొదటిసారి విన్నది కోత పండగ వేలంలోనేనట. బహుమానం అన్న మాటకి అక్షరాలా గొప్ప గౌరవం అని అర్థం. ఆ రోజు ఆవిడ ఇచ్చిందీ అదే, పుచ్చుకుందీ అదే.

*

ఇంతవరకూ రాసి ఆపేస్తే నాకు మంచి పేరొస్తుంది. కానీ ఇది చరిత్ర కాబట్టి మా ఇంటి వెనక గుమ్మం కూడా తెరవాలి.

మాది మాలపేట. కాలవకి అవతల మాదిగపేట. అదే చర్చి, అదే కోత పండగ. వాళ్ళు తెచ్చిన కోడిని మావాళ్ళు వేలంలో పాడుకునేవాళ్ళు. పచ్చిది కదా. కానీ క్రిస్మస్‌కి మాదిగపేట నుంచి మా నాన్న స్నేహితుడి భార్య ఒక పళ్ళెంలో అరిసెలు పంపితే, మా నాయనమ్మ నవ్వుతూ తీసుకుని, ఆవిడ వీధి మలుపు తిరగ్గానే గేదె కుడితిలో వేసేసింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. "ఎందుకే?" అంటే, "నీకు తెల్దులే" అంది. పళ్ళెం కడిగి ఖాళీగా పంపింది.

కామందు ఇంటి తపేలా కథ చెప్పి నన్ను ఏడిపించిన నాయనమ్మే ఆవిడ. రెండు కథలూ ఒకే మనిషివి. స్టాఫ్‌రూమ్ కిటికీలో ఆ జంతికల పొట్లం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది కామందు కాదు, మా గేదె కుడితి తొట్టి.

అంబేద్కర్ కులాన్ని మెట్ల వరసతో పోల్చారు. పైవాడికి ద్వేషం, కిందవాడి మీద ధిక్కారం, మధ్యలో ప్రతివాడూ రెండూ మోస్తాడు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చాక మా వైపు వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలిపోయాయి. ఆ వాదనలో ఎవరు ఎటున్నా, ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాక మాట్లాడితే బాగుంటుంది. అవతలి పేట నుంచి వచ్చిన పళ్ళెంలో నువ్వు చివరిసారి ఎప్పుడు తిన్నావు?

ఆటోల దగ్గర పిల్లలకి నేను చేసింది కూడా రాయాలి. ఎవరూ తినని తిండిని, నాకు బరువైన తిండిని, వాళ్ళు ఎవరో ఏమిటో అడక్కుండా చేతుల్లో పోసి వచ్చేశాను. కామందు చేసిందీ అంతకంటే ఎక్కువేం కాదు. మిగిలింది కిందికి పంపడం అంత తేలిక. చదువుకున్న చేతికి కూడా అది అలవాటుగా వచ్చేస్తుంది.

*

ఇంకొక్క సంగతి, అదే అన్నిటికంటే పెద్దది. ఇవ్వాలంటే ముందు మన దగ్గర ఉండాలి.

మా నాయనమ్మ కాలంలో పేదవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకున్న కానుకల్లో ఎక్కువ భాగం కొనుక్కున్నవి కావు. కొల్లేరు ఇచ్చినవి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు కొల్లేట్లో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. ఆ నీళ్ళలో కొరమేను, మట్టగిడస, జెల్ల, రొయ్యలు. తామరతూళ్ళు, కలువగడ్డలు. ఇళ్ళు కప్పుకోవడానికి కిక్కిసగడ్డి. లంకల్లో వడ్డివాళ్ళు తాటిదోనెల మీద మావులు పెట్టి చేపలు పట్టేవాళ్ళు. మావాళ్ళు పంటబోదెల్లో, గట్ల వెంట పట్టేవాళ్ళు, నత్తలు ఏరేవాళ్ళు. పండక్కి వడ్డివాళ్ళింటి నుంచి ఎండుచేపలు మా పేటకొస్తే, మా పేట నుంచి పరిగెలో ఏరిన గింజలు అటు వెళ్ళేవి. గిన్నెలు తిరిగేవి.

1976–77లో ప్రభుత్వమే చెరువులు తవ్వించి మత్స్యకారుల సహకార సంఘాలకీ, కొన్ని చోట్ల దళితుల సంఘాలకీ ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ మేతకి, పిల్లకి, ఇంజన్లకి పెట్టుబడి ఉన్నవాడెవరు? సంఘం పేరు మావాళ్ళది, లీజు బయటివాళ్ళది అయింది. చెరువుల మీద చెరువులొచ్చాయి. శీలావతి, బొచ్చె ఐసుపెట్టెల్లో లారీలెక్కి బెంగాల్‌కీ అస్సాంకీ వెళ్ళాయి. 1999లో అయిదో కాంటూరు వరకూ, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గట్లు పేల్చారు. ఆ తర్వాత చాలా గట్లు మళ్ళీ లేచాయి. ఈ మొత్తం కథలో పర్యావరణం ఉంది, పెట్టుబడి ఉంది, రాజకీయం ఉంది. గట్టు మీద కాపలా గుడిసెలో రాత్రంతా టార్చి పట్టుకుని కూర్చున్న మా పిన్ని కొడుకు దానికి జీతం తీసుకుంటున్నాడు. కానీ తను కాసే చేపని పండక్కి ఇంటికి తేవాలంటే కొనుక్కోవాలి.

ఇటు పొలాల్లో కోతమిషన్లొచ్చాయి. పరిగె లేదు. ఉమ్మడి నీళ్ళు పోతే, ఉమ్మడి పొలాలు పోతే, పేదవాడి చేతి నుంచి ముందు పోయేది తిండి కాదు. తిండి ఎలాగో కోటా బియ్యంతో సర్దుకుంటాడు. ముందు పోయేది ఇంకొకరికి పెట్టగలిగే శక్తి. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగా మిగిలిపోతాడు.

ఇప్పుడు పండగలకి ఊరి రుచుల పెట్టెలు బాగా అమ్ముతున్నారు. రంగుకాగితం, రిబ్బను, లోపల పూతరేకులు, కాజాలు, రొయ్యల పచ్చడి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని దాని మీద లాగి రేకు తీసే ఆడవాళ్ళ చేతులకి కొంతైనా పేరొస్తుందని. ఊళ్ళో పండింది, ఊళ్ళో వండింది కొని బహుమతిగా ఇవ్వడం మంచి పనే. కొనండి. కాకపోతే పెట్టె మీద ఊరిపేరు చూసి ఆగిపోకండి. ఆ ఊళ్ళో ఎవరి పొయ్యి మీది వంట పెట్టెలోకి ఎక్కిందో, ఎవరిది ఎక్కలేదో కూడా చూడండి. మా నత్తలకూర, మా ఎండుతునకలు, మా కలువగడ్డల పులుసు కూడా ఈ గడ్డ రుచులే. వాటికి ఇంకా పెట్టె తయారు కాలేదు.

*

మొన్న ఆదివారం డబ్బా కిందికి దిగాక అమ్మకి నిజం చెప్పాను. పిండి జల్లిస్తూ వింది. జల్లెడ ఆపలేదు. నేనేదో అంటుందనుకున్నాను. కాసేపటికి, "అటెండరమ్మాయి తిందన్నావుగా, ఆవిడింటికి ఈసారి వేరే పంపుదాం" అంది. తర్వాత, "కాలవవతలికి కూడా పంపాలే. మీ నాయనమ్మ అప్పుడు చేసింది నాకూ తెలుసు" అంది.

ఆ రోజు పళ్ళెం పంపినావిడ ఇంకా ఉంది. డెబ్బై దాటాయి. నిన్న సాయంత్రం నేనే తీసుకెళ్ళాను. డబ్బా మూత తీసి ఒక అరిసె విరిచి నోట్లో వేసుకుని, "పాకం మీ అమ్మదే" అంది. వెళ్తానంటే కూర్చోమంది. లోపలికెళ్ళి అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. తిన్నాను. నాయనమ్మ సంగతి చెప్దామని రెండుసార్లు నోరు తెరిచి మూశాను. ఆవిడకి తెలిసే ఉంటుందని నాకనిపించింది. వచ్చేటప్పుడు మా డబ్బా కడిగి, తుడిచి, అందులో దొడ్లో కోసిన చిక్కుడుకాయలు నింపి ఇచ్చింది.

స్టాఫ్‌రూమ్‌కి ఈసారి కేకు కొనను. అరిసెలే తీసుకెళ్తాను. తినేవాళ్ళు తింటారు. తిననివాళ్ళు షుగరనో ధనుర్మాసమనో చెప్తారు. మిగిలిన డబ్బా మిగిలినట్టే ఇంటికి తెచ్చి, ఎవరేమన్నారో అమ్మకి ఉన్నదున్నట్టు చెప్తాను. అంతవరకూ నా చేతిలో ఉంది.

మీ ఇంటికి ఈ పండక్కి ఎవరింటి గిన్నె వచ్చిందో, మీ గిన్నె ఎవరింటిదాకా వెళ్ళిందో ఒకసారి లెక్క చూసుకోండి. వచ్చే భాగంలో మాటిచ్చినట్టే కోత కూలి గురించి.

జై భీమ్.